ఏడు ఫ్యాన్లున్నా చల్లబడని కంప్యూటర్: ఒక ఎడిటింగ్ స్టూడియో కేస్ స్టడీ

విజయవాడ గవర్నర్‌పేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో అది. భార్యాభర్తలిద్దరూ కలిసి నడుపుతారు. షూటింగు ఆయన చూసుకుంటే ఎడిటింగ్ అంతా ఆమెదే. వేసవి మొదలయ్యాక వాళ్ల ప్రధాన కంప్యూటర్ ఇబ్బంది పెట్టసాగింది. పొద్దున పూట గంటన్నరలో అయిపోయే ఎక్స్‌పోర్టు (పూర్తయిన వీడియోను ఫైలుగా తయారు చేయడం) మధ్యాహ్నం మరో పావుగంటకు పైగా తీసుకుంటోంది. ఒక్కోసారి మధ్యలోనే ప్రోగ్రామ్ ఆగిపోతోంది. ముహూర్తాల రోజుల్లో అది చిన్న నష్టం కాదు.

నన్ను పిలిచేసరికి అప్పటికే ఒకచోట చూపించారు. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి పైన ఫ్యాన్లు పెంచాలని చెప్పి, క్యాబినెట్ పైభాగంలో మూడు ఫ్యాన్లు అదనంగా బిగించి పంపారు. శబ్దం పెరిగింది, వేడి తగ్గలేదు. "ఏడు ఫ్యాన్లు ఉన్నాయండీ, ఇంకా ఎక్కడ పెట్టాలి?" అని ఆమె అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆ ఏడింటిలో ఏది ఏ గాలిని ఎటు తోస్తోందో చూశాక జవాబు చెబుతానన్నాను.

కంప్యూటర్, దాన్ని పెట్టిన చోటు

ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్. దాని మీద ఒకే 120 మి.మీ. ఫ్యానుతో నిలువు టవర్ కూలర్. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3070. ఈ కార్డు కూలర్ వేడిని వెనక నుంచి బయటకు పంపే రకం కాదు, క్యాబినెట్ లోపలే వదిలే రకం. పవర్ సప్లై అడుగున వేరే అరలో, ఫ్యాను కిందికి తిప్పి ఉంది. అది బయటి గాలినే తీసుకుని బయటికే వదులుతుంది కాబట్టి ఈ లెక్కలో దాన్ని పక్కన పెట్టవచ్చు.

క్యాబినెట్ ముందు భాగం నిండా అద్దం. అద్దం వెనక మూడు 120 మి.మీ. రంగు లైట్ల ఫ్యాన్లు. వాటికి గాలి అందవలసింది అద్దానికి, ఫ్రేముకు మధ్య పక్కనున్న సన్నని సందులోంచే. వెనక ఒక ఫ్యాను, పైన కొత్తగా బిగించిన మూడు. అన్నీ ఒకే హబ్‌కు, అంటే ఫ్యాన్ల తీగలన్నీ కలిపే చిన్న పెట్టెకు తగిలించి ఉన్నాయి. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా, మండిపోతున్నా అన్నీ ఒకే వేగంతో తిరుగుతాయి.

ఇక చోటు సంగతి. చెక్క కంప్యూటర్ టేబుల్‌లో సీపీయూ కోసమని ఇచ్చే అర ఉంటుంది కదా, క్యాబినెట్‌ను అందులోకి దూర్చేశారు. వెనక చెక్క పలక. దానికి తీగల కోసం చేసిన గుండ్రటి రంధ్రం ఒక్కటే దారి. క్యాబినెట్ వెనక్కి, పలకకు మధ్య నాలుగు వేళ్లు కూడా పట్టవు.

ముట్టుకోకముందు కొలతలు

ఏదీ కదపకముందే కొలతలు రాసుకోవాలి. ఆ తర్వాత మార్పు ఎంత వచ్చిందో చెప్పడానికి మనకు వేరే ఆధారం ఉండదు. ఆమె అంతకుముందు వారం పూర్తి చేసిన ప్రాజెక్టునే మళ్లీ అరగంట రెండర్ చేయించాను. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాముతో ఉష్ణోగ్రతలు నమోదు చేశాను. దాంతో పాటు వైరు చివర సెన్సర్ ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్లు మూడు చోట్ల ఉంచాను. ఒకటి గదిలో కుర్చీ ఎత్తున, ఒకటి ప్రాసెసర్ కూలర్‌కు ముందు, అంటే కూలర్ పీల్చుకునే గాలిలో, మరొకటి వెనక ఫ్యాను బయట.

గది 34 డిగ్రీలు. కూలర్ పీల్చుకునే గాలి 52. వెనక నుంచి బయటికొచ్చే గాలి 56. ప్రాసెసర్ 90 దగ్గర నిలిచిపోయింది. 5800ఎక్స్‌కు తయారీదారు పెట్టిన గరిష్ఠ పరిమితే అది. అక్కడికి చేరాక తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు 83 దగ్గర, దాని ఫ్యాన్లు పూర్తి వేగంతో. గ్రాఫిక్స్ కార్డు కింద ఉన్న ఎం.2 డ్రైవు, అంటే మదర్‌బోర్డుకే తగిలించే ఫైళ్ల నిల్వ పలక, 74.

వీటిలో నేను ముందు చూసేది ప్రాసెసర్ వేడిని కాదు, గది గాలికీ కూలర్ పీల్చే గాలికీ మధ్య ఉన్న తేడాను. ఇక్కడ అది 18 డిగ్రీలు. అంటే కూలర్ ఎంత మంచిదైనా 52 డిగ్రీల గాలితో చల్లబరచమంటున్నాం. కూలర్ మార్చినా, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్టు మార్చినా ఈ 18 అలాగే ఉంటుంది. ఈ తేడా 5 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటే క్యాబినెట్ గాలి సరిగా ఉన్నట్టు. 10 దాటితే క్యాబినెట్ సంగతి తేలేవరకు కూలర్ జోలికి పోను.

దుమ్ము ఎక్కడ పట్టింది

పక్క అద్దం తీసి టార్చి వేసి చూస్తే సగం రోగం అక్కడే తెలిసిపోయింది. ముందున్న ఫిల్టర్ మీద పల్చటి పొర మాత్రమే ఉంది. వేలితో రాస్తే వేలికి కొంచెం బూడిద రంగు అంటింది, అంతే. వెనక మాత్రం గ్రాఫిక్స్ కార్డు కింద ఖాళీ స్లాట్లకు వేసే రంధ్రాల రేకులున్నాయి చూడండి, వాటి ప్రతి రంధ్రం చుట్టూ లోపలివైపు దుమ్ము దట్టంగా, నూగులా మొలిచి ఉంది. మదర్‌బోర్డు పోర్టుల చుట్టూ ఉండే రేకు అంచుల వెంబడి కూడా అదే గీత. ఎం.2 డ్రైవు పైనున్న హీట్ సింకు (వేడిని లాగే లోహపు పలక) సందుల్లోనూ అదే.

ఫిల్టర్ లేని వెనక రంధ్రాల్లోంచి లోపలికి గాలి వస్తోందన్న మాట. ముందు మూడు ఫ్యాన్లకు అద్దం అడ్డు. పైన మూడు, వెనక ఒకటి కలిసి నాలుగు ఫ్యాన్లు ఎంత తోడుతున్నాయో అంత గాలి ముందునుంచి అందడం లేదు. తగ్గిన గాలి ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. దొరికిన ప్రతి సందులోంచీ వస్తోంది. వంటింటి తలుపులు, కిటికీలు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే తలుపు కింద సందులోంచి ఈల వేస్తూ గాలి వస్తుందే, సరిగ్గా అదే.

రుజువు కోసం అగరుబత్తి వెలిగించి, బూడిద లోపల పడకుండా పక్కకు పట్టుకుని, వెనక స్లాట్ల దగ్గర కొన్ని క్షణాలు ఉంచాను. పొగ వంగి రంధ్రాల్లోకి దూరిపోయింది. ఆమె, ఆమె భర్త ఇద్దరూ చూశారు. పొగను మాత్రం క్యాబినెట్ బయటే, ఆ కొద్ది క్షణాలే వాడాలి. లోపల పట్టి ఆడించడం మంచిది కాదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. థర్మామీటరును టేబుల్ అర వెనకవైపు, క్యాబినెట్‌కూ పలకకూ మధ్య ఉంచితే 46 చూపించింది. గది 34 అయినా వెనక ఫ్యాను వదిలిన వేడి గాలి పలకకు కొట్టుకుని అక్కడే తిరుగుతోంది. ఆ గాలినే స్లాట్ల రంధ్రాలు మళ్లీ లోపలికి, సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి లాక్కుంటున్నాయి.

కాస్త లెక్క

ఈ యంత్రం పూర్తి పనిలో ఉన్నప్పుడు ప్రాసెసర్ 142 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 220 వాట్లు దాకా తీసుకోగలవు. బోర్డు, ర్యామ్, డ్రైవులు కలిపి ఇంకో 30 వేసుకుంటే ఉజ్జాయింపుగా 390 వాట్ల వేడి. అంత వేడినీ గాలే మోసుకుపోవాలి. మన వేసవి గాలికి పనికొచ్చే సూత్రం ఒకటుంది. వాట్లను 1.8తో గుణించి, గదికీ బయటికి పోయే గాలికీ మధ్య తేడాతో భాగిస్తే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల తాజా గాలి, అంటే ఎన్ని సీఎఫ్‌ఎం పోతోందో వస్తుంది. తేడా 10 డిగ్రీలకు మించకూడదనుకుంటే 70 సీఎఫ్‌ఎం కావాలి. మనం కొలిచిన తేడా 22. ఆ లెక్కన నిజంగా పనికొస్తున్న తాజా గాలి 32 సీఎఫ్‌ఎం మాత్రమే.

ఒక్కో ఫ్యాను బాక్సు మీద 50 సీఎఫ్‌ఎం అని రాసి ఉంటుంది. నాలుగు ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు కాగితం మీద 200. ఆ అంకె ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటిది. ఫిల్టరు, అద్దం, రేకు అడ్డం వచ్చేకొద్దీ అది కరిగిపోతుంది. అందుకే బాక్సు మీది అంకెలు కూడి, తీసివేసి లోపలికొచ్చే గాలీ బయటికి పోయే గాలీ సమానమని తేల్చేయడం కుదరదు.

"వేడి గాలి పైకి పోతుంది" అన్న వాదన మీద ఒక మాట. అది నిజమే, కానీ ఈ పెట్టెలో దాని బలం ఎంత? 45 సెంటీమీటర్ల ఎత్తులో 15 డిగ్రీల తేడా ఉంటే వేడి గాలి పైకి లేవడానికి వచ్చే ఒత్తిడి పావు పాస్కల్‌కు మించదు. మామూలు క్యాబినెట్ ఫ్యాను పుట్టించగలిగే ఒత్తిడి పది, ఇరవై పాస్కళ్లు. ఫ్యాన్లు తిరుగుతున్న పెట్టెలో గాలి దారిని ఫ్యాన్లే నిర్ణయిస్తాయి. పైన ముందువరసలో బిగించిన ఫ్యాను చేసే పని ఒకటే. ముందు నుంచి అప్పుడే లోపలికొచ్చిన చల్లటి గాలిని ప్రాసెసర్ దాకా పోనివ్వకుండా నేరుగా పైకి లాగి పారేస్తుంది.

మార్పులు, ఒక్కొక్కటిగా

అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఎంత తగ్గిందో తెలియదు. పైగా డబ్బు పెట్టేవాళ్లకు ఏ రూపాయి ఎందుకో తెలియాలి. అందుకే ప్రతి మార్పు తర్వాత అదే ప్రాజెక్టు, అదే అరగంట. గది వేడి కూడా 34 దగ్గరే ఉండేలా చూసుకున్నాం.

మొదటిది పైసా ఖర్చు లేనిది. క్యాబినెట్‌ను అరలోంచి బయటికి తీసి, టేబుల్ పక్కన చెక్క పీట మీద, వెనక గోడకు జానెడు దూరంలో పెట్టాం. కూలర్ పీల్చే గాలి 52 నుంచి 47కు దిగింది. ఈ ఒక్కటీ ఏ దుకాణంలో అడిగినా చెప్పవలసిన మాట. టేబుల్ అర చూడటానికి పొందికగా ఉంటుంది గానీ, 400 వాట్ల వేడి పుట్టించే యంత్రాన్ని అందులో పెట్టకూడదు.

తర్వాత ముందు అద్దం ఊడదీసి నడిపించాం. 44. అద్దం ఎంత గాలిని ఆపుతోందో దీంతో తేలిపోయింది. మీ దగ్గర ఏ క్యాబినెట్ ఉన్నా ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష ఇది. చాలామంది పక్క పలక తీసి చూస్తారు. దాన్ని నేనంతగా నమ్మను. పక్క తెరిస్తే గాలి దారి మొత్తం చెదిరిపోతుంది, ఒక భాగం చల్లబడి మరో భాగం వేడెక్కవచ్చు.

మూడోది ఆమెకు నమ్మశక్యం కాలేదు. పైనున్న మూడు ఫ్యాన్లలో ముందువైపు రెండింటి తీగలు తీసేసి, ఆ రెండు రంధ్రాలనూ మందపాటి అట్టతో మూసేశాను. "పెట్టినవి తీసేస్తే వేడి తగ్గుతుందాండీ?" అని ఆమె అడుగుతూనే ఉన్నారు, అంకె 42కు వచ్చింది. లోపలికొచ్చిన గాలికి ఇప్పుడు పైకి పారిపోయే దారి లేదు. కూలర్ మీదుగా వెళ్లి, వెనక ఫ్యాను లోంచో, దాని పైనున్న ఫ్యాను లోంచో పోవలసిందే. అట్ట పరీక్ష వరకే. తర్వాత దాని స్థానంలో పల్చటి యాక్రిలిక్ ముక్క కోసి బిగించాను. ఫ్యాను తీసి రంధ్రం తెరిచి వదిలేస్తే సగం పనే అవుతుంది.

ఇక అద్దం స్థానంలో ఏదో ఒకటి కావాలి. కొత్త క్యాబినెట్ కొనడానికి వాళ్లు సుముఖంగా లేరు, అవసరం కూడా లేదు. రేకు పని చేసే దుకాణంలో రంధ్రాల అల్యూమినియం రేకు కొలతకు కోయించాం. ఇక్కడ ఒక్కటి గమనించాలి. రంధ్రాల రేకు అనగానే అన్నీ ఒకటి కావు. 3 మి.మీ. రంధ్రాలు, ఒక రంధ్రం మధ్య నుంచి ఇంకో రంధ్రం మధ్యకు 5 మి.మీ. దూరం ఉన్న రేకులో గాలి పోయే ఖాళీ మూడో వంతే. అదే 3 మి.మీ. రంధ్రాలు 4 మి.మీ. దూరంలో ఉంటే ఖాళీ సగానికి వస్తుంది. చేత్తో పట్టుకుని చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, స్కేలు పెట్టి కొలిచి తీసుకోవాలి. మేము రెండో రకం తీసుకున్నాం. దాని వెనక నైలాను ఫిల్టర్ అయస్కాంతపు పట్టీతో అతికించాం, చేత్తో లాగితే వచ్చేస్తుంది. ఫిల్టర్ తీయడానికి స్క్రూడ్రైవర్ కావలసి వస్తే ఎవరూ కడగరు.

ఫ్యాన్లు, వాటి వేగం

పాత ఫ్యాన్ల వేగం మార్చే వీలు లేదు. హబ్‌తో సహా తీసేసి, ముందు రెండు 140 మి.మీ. ఫ్యాన్లు, వెనక ఒక 120, పైన వెనకవైపు మూలకు ఒక 120 పెట్టాను. మొత్తం నాలుగు, అన్నీ నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకం, అంటే వేగం మార్చుకోగలిగేవి. ముందు కింది ఫ్యాను గ్రాఫిక్స్ కార్డుకు ఎదురుగా, పై ఫ్యాను ప్రాసెసర్ కూలర్‌కు ఎదురుగా ఉండేలా ఎత్తు సరిచూసుకున్నాను.

ఫ్యాను ఎటు ఊదుతుందో తెలుసుకోవడానికి పాత గుర్తు ఒకటుంది. మోటారును పట్టి ఉంచే పుల్లలు ఏ వైపు కనిపిస్తే అటు గాలి పోతుంది. ఇప్పుడు ఒక్క దాన్నే నమ్ముకోకూడదు. ముందు నుంచి అందంగా కనబడాలని రెక్కలు తిరగేసి చేసిన రివర్స్ ఫ్యాన్లు వస్తున్నాయి, వాటిలో పుల్లల వైపు నుంచి గాలి లోపలికి వెళ్తుంది. బిగించాక టిష్యూ కాగితం ముక్క పట్టి చూడటం ఒక్క నిమిషం పని.

వేగం తగ్గించడంలో ఎంత లాభముందో చాలామంది గుర్తించరు. ఫ్యాను వేగాన్ని 70 శాతానికి దించితే గాలి కూడా 70 శాతానికి తగ్గుతుంది, తీసుకునే విద్యుత్తు మాత్రం మూడో వంతుకు పడిపోతుంది. శబ్దం సుమారు 8 డెసిబెల్స్ తగ్గుతుంది. పాట, మాట, మేళం వింటూ కూర్చుని కట్ చేసే మనిషికి ఆ తేడా రోజంతా తెలుస్తుంది. కాకపోతే ఒత్తిడి సగానికి పడిపోతుంది. ముందు దారి ఇరుకుగా ఉన్న క్యాబినెట్‌లో నెమ్మది ఫ్యాన్లు పని చేయనిది అందుకే. దారి తెరిచాకే వేగం తగ్గించగలిగాం.

ఎడిటింగ్‌లో ఒకసారి ప్రాసెసర్, ఒకసారి గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతాయి. ఈ మదర్‌బోర్డు బయోస్‌లో, అంటే దాని సొంత సెట్టింగుల్లో, కార్డు వేడిని ఆధారం చేసుకునే వీలు లేదు కాబట్టి ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాములో రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని పట్టుకుని ముందు ఫ్యాన్లు నడిచేలా అమర్చాను. క్షణానికోసారి వేగం ఎగిరిపడకుండా కొన్ని సెకన్ల నిదానం పెట్టాను. వేగం ఇటూ అటూ మారుతుంటే నిలకడగా ఉండే శబ్దం కంటే ఎక్కువ చికాకు పుడుతుంది.

తర్వాత అసలు సమతూకం. అగరుబత్తిని మళ్లీ వెనక స్లాట్ల దగ్గర పెట్టి, ముందు ఫ్యాన్లను 900 ఆర్‌పీఎం (నిమిషానికి 900 చుట్లు) దగ్గర ఆపి, వెనక, పైన ఉన్న రెండింటి వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోయాను. 1000 దగ్గర పొగ రంధ్రాల ముందు నుంచి మెల్లగా బయటివైపు వంగుతోంది. 1200 దాటితే లోపలికి మళ్లింది. 1000 దగ్గర నిలిపాను.

రెండూ సరిగ్గా సమానంగా ఉండేలా ఎందుకు పెట్టలేదంటే, ఆ సమానత్వం నిలవదు. ఫిల్టర్ ఈ రోజు శుభ్రంగా ఉంది. నెల తిరిగేసరికి దుమ్ము పట్టి లోపలికొచ్చే గాలి తగ్గుతుంది, బయటికి పోయేది మాత్రం అంతే ఉంటుంది. ఈ రోజు సమానంగా పెడితే నెల తర్వాత మళ్లీ వెనక సందుల్లోంచి దుమ్ము మొదలవుతుంది. అందుకే లోపలికొచ్చేది కాస్త ఎక్కువ ఉండేలా మొదలుపెట్టాలి. ఎక్కువైన గాలి స్లాట్ల రంధ్రాల్లోంచి బయటికి పోతూ, గ్రాఫిక్స్ కార్డు చుట్టూ ఉన్న వేడిని కూడా కొంత పట్టుకుపోతుంది.

ఫలితం

అదే గది, అదే 34. కూలర్ పీల్చే గాలి 41, వెనక నుంచి పోయే గాలి 45. తేడా 22 నుంచి 11కు వచ్చింది, లెక్క ప్రకారం తాజా గాలి 64 సీఎఫ్‌ఎం. ప్రాసెసర్ 82 దగ్గర, వేగం తగ్గించుకోకుండా. గ్రాఫిక్స్ కార్డు 74. ఎం.2 డ్రైవు 63. ఎక్స్‌పోర్టు మధ్యాహ్నం కూడా గంటన్నరలోనే ముగిసింది.

మే నెలాఖరులో మళ్లీ వెళ్లాను. గది 37 ఉంది. కూలర్ గాలి 45, ప్రాసెసర్ 86. ముందు ఫిల్టర్ బూడిద రంగుకు తిరిగి ఉంది. వెనక రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయి, ఎం.2 హీట్ సింకు సందులు కూడా. దుమ్ము చేరవలసిన చోటే చేరుతోంది. స్లాట్ల దగ్గర పొగ బయటికి వంగడం మానేసి నిలువుగా లేస్తోంది, అంటే ఫిల్టర్ కడగవలసిన సమయం సరిగ్గా వచ్చింది. నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెడితే కూలర్ గాలి 44కు దిగింది. బందరు రోడ్డు దుమ్ము అంత దూరంలో లేదు కాబట్టి వాళ్లకు మూడు వారాలకోసారి కడగమని చెప్పాను.

గది వేడిని మాత్రం ఏ ఫ్యానూ తగ్గించలేదు. 42 డిగ్రీల ఎండలో ఏసీ లేకుండా పెద్ద ఎక్స్‌పోర్టులు పెట్టవలసి వస్తే రాత్రికి వేసుకోమన్నాను. ప్రాసెసర్ విద్యుత్ పరిమితి బయోస్‌లో కొంత తగ్గించుకునే మార్గం కూడా చూపించాను. వేగం ఏ మాత్రం తగ్గినా వద్దన్నారు, అది వాళ్ల నిర్ణయం.

స్టూడియోలో ఇంకో కంప్యూటర్ ఉంది. ఫొటో ఆల్బమ్ డిజైన్లకు వాడేది, అదే అద్దం క్యాబినెట్. దానికీ ముందు రేకు వేయమని అడిగారు. 65 వాట్ల ప్రాసెసర్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. కొలిస్తే కూలర్ గాలికీ గదికీ తేడా 6 డిగ్రీలే. అద్దం అలాగే ఉండనిమ్మన్నాను. దాన్ని కూడా టేబుల్ అరలోంచి బయటికి తీయించి, పైన ముందువైపు ఫ్యాను ఒక్కటి తీసేసి రంధ్రం మూసి వచ్చాను.